మధ్యలో బ్లూ లైటు పెట్టునా!

తిరుపతిలో ఇప్పుడు సూపర్‌హీరో కావడానికి సాలీడు కుట్టనక్కర్లేదు. వేరే గ్రహం నుంచి ఊడిపడనక్కర్లేదు. చిన్నప్పుడే అమ్మానాన్నా పోనక్కర్లేదు. ఛాతీ మధ్యలో నీలి లైటొకటి వెలిగితే చాలు. నీలి లైటుంటే హీరో, ఎర్ర లైటుంటే విలన్, అసలు లైటే లేనివాడు హీరోకు స్నేహితుడు. వాడు ఇంటర్వెల్‌కు ముందే చచ్చిపోతాడు. ఈ శాస్త్రం ఎవరు రాశారో గానీ, ఊళ్లో షార్ట్ ఫిల్ములు తీసేవాళ్లంతా కంఠతా పట్టేశారు.

కవచాలూ ఆయుధాలూ చేసే షెడ్డు గడప ఎవరు తొక్కినా వరస ఒకటే. డాలు కావాలంటారు. ఎంత వెడల్పో చెప్పరు. ఎంత బరువుండాలో చెప్పరు. దాంతో కొట్టుకుంటారా, ఊరికే పట్టుకుని నిలబడతారా, విసిరేస్తారా అంటే ‘అవన్నీ సెట్లో చూసుకుంటాం’ అంటారు. ఫోను తీసి బొమ్మ చూపిస్తారు. ఆ బొమ్మ కంప్యూటరు గీసింది. అందులో హీరో ఎడమచేతికి ఆరు వేళ్లు. భుజం మీది పట్టీ ఎక్కడ మొదలైందో తెలీదు, చెవి వెనకాలకు పోయి మాయమవుతుంది. “అచ్చం ఇట్లే ఉండాల.” సరేనబ్బా. రేటు దగ్గర అరగంట, అడ్వాన్సు దగ్గర ఇంకో అరగంట. బండి స్టార్టు చేసి, మళ్లీ ఆపి, అసలు సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు గుమ్మం దగ్గరికొచ్చి అంటారు: “మధ్యలో బ్లూ లైటు పెట్టునా!”

డాలుకంటే మధ్య అంటూ ఒకటుంది. గదకు? పిడిలో పెడితే చెయ్యి కప్పేస్తుంది. “అట్లయితే గుండులో పెట్టునా.” గుండులో పెడితే కొట్టినప్పుడు ఊడుతుంది. “రోంత మెల్లగా కొడతాడులే.” భూగోళాన్ని కాపాడ్డానికొచ్చినవాడు లైటు ఊడకుండా మెల్లగా కొడతాడు! బెల్టుకు లైటు, మోకాలిచిప్పకు లైటు, కిరీటానికి లైటు, ఆఖరికి బూట్లకు లైటు. ఆ బూట్లు వేసుకునేవాడికి ముప్పై ఏళ్లు, ఇంటి లోను కూడా నడుస్తోంది. హనుమంతుడి వేషానికి సైతం ఛాతీలో నీలి లైటు అడుగుతున్నారు. ఆ ఛాతీ చీలిస్తే ఎవరు కనిపించాలో ఒకటో తరగతి పిల్లాడికి తెలుసు. వాళ్లను పక్కకు జరిపి ఎల్‌ఈడీ పెట్టమంటున్నారు.

ఈ లైటుకు మూలపురుషుడు ఉన్నాడు. 2008లో వచ్చిన ‘ఐరన్ మ్యాన్’లో కథానాయకుడి ఛాతీ వెలుగుతుంది. వెలగడానికి కారణం ఉంది. పేలుడులో ఒంట్లోకి దూరిన లోహపు తునకలు గుండె దాకా పాకకుండా అక్కడొక విద్యుదయస్కాంతం లాగి పట్టుకుని ఉంటుంది. ఆరిందా, మనిషి పోయాడు. ప్రేక్షకుడి కన్ను దాని మీద ఉండేది అందుకు. ఇక ఆ కవచాన్ని స్టాన్ విన్‌స్టన్ స్టూడియో పనివాళ్లు నిజంగానే తయారుచేశారు. నటుడు తొడుక్కుని కదల్లేని చోట మాత్రం కంప్యూటరు బొమ్మ అందుకుంది. మోకాలు ఎక్కడ వంగాలి, మెడ ఎంత తిరగాలి, ఏ రేకు ఏ రేకు కిందికి జారాలి అని బుర్రలు బద్దలు కొట్టుకున్న పని అది. అంత పనిలోంచి మనవాళ్లు ఏరుకొచ్చింది బల్బు!

మన హీరో ఛాతీలో ఎందుకు వెలుగుతోందయ్యా అని అడిగి చూడండి. “పవర్ అన్నా.” ఏం పవరు? “అదేన్నా... పవర్.”

పోనీ, ఆ పవరైనా తిన్నగా పెట్టనిస్తారా? 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్పు ఐదు మీటర్ల చుట్ట కొనుక్కొస్తారు. దానికి జోడీగా పిల్లల బొమ్మల్లో వేసే 9 వోల్టుల చదరపు బ్యాటరీ తెస్తారు. 12 వోల్టుల స్ట్రిప్పులో మూడేసి ఎల్‌ఈడీలు ఒక గుంపు, కత్తెర గుర్తున్న చోటే కోయాలి. మనవాడు ఛాతీకి ఎంత కావాలో అంత దగ్గర కోస్తాడు, కోతపడిన గుంపు చస్తుంది. మీటరుకు అరవై ఎల్‌ఈడీలుండే 5050 రకమైతే మీటరుకు సుమారు 1.2 ఆంపియర్లు లాగుతుంది. ఆ చదరపు బ్యాటరీ చూస్తే మొత్తం కడుపు 500 మిల్లీ ఆంపియర్ అవర్లు. పైగా గట్టిగా లాగితే వోల్టేజి కూలబడుతుంది. 12 అడిగే స్ట్రిప్పుకు 9 ఇస్తే మొదటి నుంచే నీరసం. హీరో రిహార్సల్లో సూపర్‌హీరో, టేకులో రక్తహీనత రోగి.

తెలివైన టీమ్ ఇంకోటుంటుంది. వాళ్లు 5 వోల్టుల స్ట్రిప్పు కొని పవర్ బ్యాంకు తగిలిస్తారు. మంచి ఆలోచనే, కాకపోతే చిన్న లైటు లాగే కరెంటు మరీ తక్కువ కావడంతో ఫోను చార్జింగు పూర్తయిందనుకుని పవర్ బ్యాంకు కాసేపటికి తనంతట తానే ఆగిపోతుంది. హీరో సరిగ్గా “నా శక్తికి అంతం లేదు” అన్నచోట ఆరిపోతాడు.

ఇది చెయ్యడానికి పద్ధతి లేక కాదు. మూడు 18650 లిథియం సెల్లులు వరసగా కలిపి, వాటికి కాపలా కాసే బీఎంఎస్ బోర్డు పెట్టి, ఫ్యూజు వేసి, నడుం వెనక బెల్టులో కూర్చోబెట్టాలి. ఒళ్లు వంగేచోట ఒంటి తీగ వైరు పనికిరాదు, విరుగుతుంది. సన్న పోగుల వైరు వెయ్యాలి. టంకం పెట్టిన ప్రతి చోటా స్లీవు తొడగాలి. చెమట ఉప్పునీళ్లే, అక్కడే తుప్పు పడుతుంది. లైటుకూ దాని ముందుండే పాలరంగు ఆక్రిలిక్ బిళ్లకూ మధ్య 15, 20 మిల్లీమీటర్ల ఎడం వదలాలి. వదలకపోతే వెలుగు బదులు చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు. రిమోటుతో వెలుగు తగ్గించారంటే ఆ లైటు నిజంగా తగ్గదు, సెకనుకు కొన్ని వందలసార్లు ఆరి వెలుగుతుంది. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. స్లో మోషన్ కోసం షట్టరు వేగం పెంచారా, హీరో గుండెల మీదుగా నల్ల చారలు పాకుతాయి. అందుకని వెలుగు ఎంత కావాలో అంతకు తగ్గ రెసిస్టరే వేసుకోవాలి, రిమోటు మూట కట్టి అటక మీద పడెయ్యాలి. ఇంకోటి. పచ్చి నీలి ఎల్‌ఈడీ సెన్సరులో నీలి చానెల్ ఒక్కదాన్నే నింపేస్తుంది. మీరు మూడు రాత్రులు కూర్చుని చెక్కిన గుండ్రటి పళ్ల చక్రం తెర మీద నీలి ముద్ద అయిపోతుంది. తెల్లటి ఎల్‌ఈడీ పెట్టి, దాని మీద లేత నీలం జెల్ కాగితం వేస్తే లోపలి పని కనిపిస్తుంది. ఇదంతా చెప్తే ఏమంటారో తెలుసా? “అన్నా, అంత డీప్‌గా వద్దు. లైటు పెట్టు చాలు.”

ఇక లైటు చుట్టూ, ఎవరూ అడగని ఇంకో చిన్న వస్తువు ఉంటుంది. దాన్ని కవచం అంటారు.

కవచం కొలతతో మొదలవుతుంది. నటుడి మొండేనికి పల్చటి ప్లాస్టిక్ పొర చుట్టి, దాని మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు అంటించి, అతుకులు ఎక్కడ రావాలో మార్కరుతో గీసి, గీతలకు అడ్డంగా గుర్తులు పెట్టి, కత్తిరించి విప్పి చార్టు మీద పరవాలి. ఎడమ సగమే గీసి, కుడి వైపుకు దాన్నే తిరగేసుకోవాలి. రెండూ విడివిడిగా గీస్తే మనిషి ఒక పక్కకు ఒరిగినట్టు కనిపిస్తాడు. ఇందుకు నటుడు రావాలి. నటుడు రాడు. వాళ్ల తమ్ముడొస్తాడు. “ఇద్దరిదీ ఒకే సైజన్నా.” తమ్ముడు ఇంటర్మీడియట్. అన్న జిమ్ముకు పోతాడు.

సరుకు ఈవీఏ ఫోమ్. జిమ్ముల్లో నేల మీద పళ్లు పళ్లుగా కలిపి పరిచే మ్యాట్లున్నాయే, ఆ జాతి. ఛాతీకి 10 మిల్లీమీటర్లది, భుజాలకూ చేతులకూ 5, 6, పైన వచ్చే గీతలకూ నగిషీకీ 2. బ్లేడు కొత్తదుండాలి, కాసేపు కోయగానే మొన విరిచెయ్యాలి. మొద్దుబారితే కోత గరుకుగా చిరుగుతుంది, ఆ గరుకు రంగు కింద కూడా దాగదు. మూల తిరగాలంటే అంచుల్ని 45 డిగ్రీల వాలుగా కోసి కలపాలి. హీట్ గన్ తగలగానే పైపొర బిగిసి, మెరుపు మారుతుంది; ఆ మారడం కంటితో కనిపెట్టడమే పనితనం. తక్కువైతే రంగంతా పీల్చేస్తుంది, ఎక్కువైతే బొబ్బలెక్కుతుంది. వేడి మీదుండగానే వంపు తిప్పి, చల్లారేదాకా చేత్తో పట్టుకోవాలి. అంటించేది చెప్పులు కుట్టేవాళ్లు వాడే బంక. రెండు అంచులకూ పల్చగా రాసి, పది నిమిషాలాగి, వేలికి అంటనంత ఆరాక కలపాలి. ఒకసారి తాకిందా, ఇక జరగదు. ఓపిక లేనివాడు తడిమీదే అతికిస్తాడు. అతుకు పట్టినట్టే ఉంటుంది, లోపల బంక ఆరదు, ఎండలో పెట్టగానే నోరు తెరుస్తుంది. ఈ నోరు సంగతి మళ్లీ వస్తుంది.

ఆపైన రంధ్రాలు మూసే పూత నాలుగైదు సార్లు, నల్ల అడుగు రంగు, అంచుల మీద మాత్రం దాదాపు ఆరిన బ్రష్షుతో వెండిరంగు దులిపినట్టు, సందుల్లో గోధుమనలుపు నీళ్లరంగు పోసి పైపైన తుడిచెయ్యడం. ఈ ఆఖరి తుడుపుతోనే ఫోమ్ ఇనుమవుతుంది. కవచం యుద్ధాలు చూసినట్టుండాలి. కానీ కొనేవాడు చూసి మొహం చిట్లిస్తాడు: “మురిగ్గా ఉందే. కొత్తగా కొట్టునా.” కొడితే స్టీలు సామాన్ల కొట్టులో వేలాడదీసిన బిందెలా తయారవుతుంది. అప్పుడు గాని ఆయన కళ్లు మెరవవు.

త్రీడీ ప్రింటరు ఉంది కదా, నొక్కితే వచ్చేస్తుంది కదా అనేవాళ్ల కోసం నాలుగు మాటలు. మామూలు ప్రింటరు పళ్లెం 220 మిల్లీమీటర్లు. తలకు పట్టే హెల్మెట్ అందులో ఒక్క ముక్కగా రాదు. 0.2 మిల్లీమీటర్ల పొరలతో ముక్కలన్నీ కలిపి రెండు రోజుల పైమాటే, మధ్యలో కరెంటు పోకపోతే. ఆ తర్వాత అసలు పని: ముక్కలు అతికి, కార్లకు పెట్టే పుట్టీ పెట్టి, 80 నంబరు సాండ్‌పేపరుతో మొదలుపెట్టి 120, 220, 400 దాకా రుద్దడం. పొరల గీతలు రుద్దకుండా మెరుపు రంగు కొడితే హీరో మొహం మీద వేలిముద్రలు తీసినట్టుంటుంది. వాడేది పీఎల్ఏ ప్లాస్టిక్ అయితే అది 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. తిరుపతిలో మే నెల మధ్యాహ్నం అద్దాలు మూసిన కారు డ్యాష్‌బోర్డు మీద ఎంత వేడి ఉంటుందో చెయ్యి పెట్టినవాళ్లకు తెలుసు.

ఇప్పుడు షూటింగుకు పోదాం.

స్థలం: స్వర్ణముఖి నది. కథ ప్రకారం అది పరాయి గ్రహం. నీళ్లు లేవు, చెట్టు లేదు, ఎటు చూసినా ఇసుక. గ్రహం విషయంలో మాత్రం ఖర్చు లేదు. టైము: తెల్లవారి ఆరింటికి అనుకున్నది, టిఫిన్లు తిని, డ్రోన్ కుర్రాణ్ని నిద్ర లేపి, పదకొండున్నరకు మొదలైంది. హీరో నల్లరంగు 10 మిల్లీమీటర్ల ఫోమ్‌లో ఉన్నాడు. ఫోమ్ అంటే ఏమిటి? చలిదేశాల్లో పైపులకు వేడి పోకుండా చుట్టేదాని జాతి. దాన్ని నల్లగా చేసి, మనిషికి చుట్టి, మే నెలలో ఇసుక మీద నిలబెట్టారు. బకిల్సు దండగ అన్నారు కాబట్టి వెనకాల కవచాన్ని బంకతోనే మూసేశారు. అంటే సాయంత్రం దాకా ఆయన విప్పలేడు. పొద్దున రెండు సీసాల నీళ్లు తాగున్నాడు. ఈ రెండు వాక్యాల్నీ పక్కపక్కన పెట్టి చదువుకోండి.

మొదటి షాటు. హీరో ఇసుకలోంచి లేచి నిలబడతాడు. ఛాతీ వెలుగుతుంది. యాక్షన్! లేచాడు. కెమెరామన్ లెన్సులోంచి మొహం పైకెత్తి అడిగాడు: “లైటు వెయ్యలేదా?” వేసే ఉంది. హీరో తల వంచి చూసుకోబోతే మెడ దగ్గరి ఫోమ్ గడ్డానికి అడ్డం. ఆయనకు తన గుండె తనకే కనపడదు. అసిస్టెంటు దగ్గరికెళ్లి, రెండు చేతులూ దోసిలి పట్టి, లోపలికి తొంగి చూసి అరిచాడు: “వెలుగుతా ఉండాదన్నా!” మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్సులుంటుంది. సూర్యుడి ముందు నూటయాభై రూపాయల ఎల్‌ఈడీ కనపడలేదని ఆశ్చర్యపోయిన టీమ్ చరిత్రలో ఇదొక్కటే కాదు, అదే బాధ.

నల్లగొడుగు తెప్పించారు. గొడుగు నీడలో లేతగా ఏదో కనిపించింది గానీ, పరాయి గ్రహం మీద హీరో గొడుగేసుకుని నిలబడితే కథ మారిపోతుంది. రిమోటుతో వెలుగు పెంచమన్నారు. రిమోటు ఒక్క మీటది: నొక్కితే నీలం, మళ్లీ నొక్కితే ఎరుపు, మళ్లీ ఆకుపచ్చ, ఆ తర్వాత అన్నీ కలిసి ఒకదాని వెనకొకటి పరుగెత్తడం. ఆ పరుగు దగ్గర మీట ఇరుక్కుంది. ప్రపంచాన్ని కాపాడవలసిన గుండె వినాయకచవితి పందిరి లెక్కన గిర్రున తిరగడం మొదలుపెట్టింది. ఆపుదామంటే స్విచ్చు కవచం లోపల. కవచం బంకతో మూసుంది.

“పోనీలే, అది ఎమోషన్ అనుకుంటారు” అన్నాడు డైరెక్టరు.

ఈలోగా ముఖకవచం తెమ్మన్నారు. అది కారు డ్యాష్‌బోర్డు మీద ఉండింది. దవడ ఎడమపక్కకు జారి, ఒక కన్ను సాగి, పక్షవాతం వచ్చిన రాక్షసుడిలా తయారైంది. మంచిదే, విలన్‌కు వాడదామన్నారు. మరి హీరోకు? హీరో మామూలు మొహంతోనే ఉంటాడు, అభిమానులకు మొహం కనపడాలి కదా. ఫైటు మొదలైంది. డాలు ‘రియల్‌గా’ ఉండాలని ఇనుపరేకుతో చేయించారు. పట్టీ మధ్యలో కాకుండా పైకి బిగించారు కాబట్టి చెయ్యెత్తగానే అది తలకిందులై హీరో మోచేతినే కొట్టింది. రెండో దెబ్బకు విలన్ బొటనవేలి మీద పడింది. విలన్ ఈ సినిమాలో మొదటిసారిగా సహజంగా నటించాడు. అప్పుడు పక్క అతుకు నోరు తెరిచింది. ముందు చంకలో, తర్వాత నడుం దాకా. కవచం చిప్ప విచ్చుకున్నట్టు విచ్చుకుని, లోపల బనియనూ, బనియన్‌కు పిన్నీసుతో గుచ్చిన పవర్ బ్యాంకూ బయటపడ్డాయి. సరిగ్గా ఆ సమయానికి నాలుగు ఎనుములు ఫ్రేములోకి నడిచొచ్చాయి. ఇసుక మీద ఎట్లా నిలబడాలో, ఎప్పుడు ఆగి కెమెరా వంక చూడాలో ఆ పూట తెలిసినవి అవే.

మధ్యాహ్నం మూడింటికి కెమెరామన్ ఒక మాటన్నాడు. ఆ మాట కోసమే ఈ వ్యాసం రాయాల్సి వచ్చింది.

“లైటు మనం సీజీలో పెట్టుకుందాంలే.”

పెట్టుకోండి నాయనా! మొదట్నుంచీ అక్కడే పెట్టుకోవాల్సింది. ఎండలో తీసే షాటుకు ఛాతీ మీద చిన్న గుర్తుచుక్క అంటిస్తే చాలు, ఎడిటింగులో దాన్ని పట్టుకుని వెలుగు వేసుకుంటారు. చీకటి షాటుకు నిజం లైటే మేలు, ఆ వెలుగు గడ్డం కింద పడి మొహానికి ప్రాణమిస్తుంది. ఏ షాటుకు ఏది అని కాగితం మీద రాసుకోవడానికి పట్టేది పదిహేను నిమిషాలు. పెద్ద సినిమాల్లో ఒకే వస్తువును నాలుగు రకాలుగా చేసేది ఈ కాగితం చూసే: దగ్గరగా చూపించడానికి నాణ్యమైనదొకటి, ఫైటుకు మెత్తనిదొకటి, మొయ్యడానికి తేలికదొకటి, పగలడానికొకటి. కెప్టెన్ అమెరికా చేతిలో డాలు కూడా లోహంతో, ఫైబర్‌తో, స్టంట్లకు మెత్తటి రబ్బరుతో విడివిడిగా చేసినదే. ఇక్కడ అన్నిటికీ ఒకటే. దాంట్లోనే లైటు.

ఈ నాలుగు రకాల లెక్క హాలీవుడ్ కనిపెట్టి మనకు నేర్పాలా? చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. ఆఖరున దుర్యోధన వధకు నేల మీద మట్టితో భారీ బొమ్మ పోస్తారు. తొడ దగ్గర ఎర్రనీళ్లు దాస్తారు. భీముడు గదతో ఎక్కడ కొట్టాలో అక్కడే పగులుతుంది, మిగతాచోట నిలుస్తుంది. దాని చుట్టూ, దాని మీదా ఇద్దరు మనుషులు గదలు పట్టి ఎగురుతారు. పగిలేందుకే చేసే ప్రాప్ అంటే ఇదే. రీటేకు లేదు. ఊరంతా చూస్తుంటుంది, తప్పితే ఏడాది పొడుగునా చెప్పుకుంటారు. అర్జునుడు తపస్సు మాను అనే పొడుగాటి స్తంభమెక్కి పై నుంచి నిమ్మకాయలు విసురుతాడు, కింద వల లేదు. రాత్రంతా ఎగరాల్సిన వేషగాడి భుజకీర్తులు తేలిక కర్ర మీద అద్దంబిళ్లలు పొదిగినవి. ఆ అద్దాలు ఎందుకు? ఉన్న కాస్త దీపం వెలుగును ఒడిసిపట్టి వెనక వరసలో ముసలమ్మ దాకా విసరడానికి. లైటింగు తెలిసినవాడి పని అది. బ్యాటరీ అక్కర్లేదు.

తిరుపతి గంగమ్మ జాతర సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాణ్ని పట్టుకోవడానికి అమ్మవారు రోజుకొక వేషం మార్చుకుని వెతికిందన్న కథకు పుట్టిల్లు ఈ ఊరు; మారువేషంలో తిరిగే వీరుల కథ మనకెవరో విమానంలో పంపాలా? వెదురుబద్దలు చీల్చి గోపురంలా కట్టి, రంగుకాగితాలంటించిన సప్పరంలో మనిషి దూరి, కిక్కిరిసిన జనంలో, మే నెల ఎండలో నడుస్తాడు. ఆ వెదురు కట్టేవాణ్ని పిలిచి, ‘మామా, ఈ కవచం భుజం మీద బరువు నడుం మీదికి ఎట్లా దించాల?’ అని అడిగిన సూపర్‌హీరో డైరెక్టరు ఉన్నాడా? మాధవమాలలో కొయ్య చెక్కేవాళ్ల ఉలికి రాని నగిషీ ఏదైనా ఉందా? ఒక్క కొయ్య నమూనా చెక్కించి దాన్నుంచి అచ్చు తీసుకుంటే ఎన్ని కవచాలైనా పోసుకోవచ్చు. ‘బ్లాక్ పాంథర్’లో మహారాణి కిరీటం ఇట్లా ఇంటి తలపాగాలోంచే పుట్టింది: జులూ పెళ్లయిన ఆడవాళ్లు పెట్టుకునే టోపీ ఆకారం తీసుకుని, నైలాన్ పొడిని లేజరుతో కరిగించి త్రీడీలో ముద్రించారు. ఆ సినిమా దుస్తులకు రూత్ కార్టర్‌కు 2019లో ఆస్కారొచ్చింది. ఆ కిరీటంలో నీలి లైటు లేదు. అడగడానికి మనవాళ్లు అక్కడ లేరు కాబట్టి.

స్వర్ణముఖి షూటింగు చెడింది కదా, దాన్నుంచి టీమ్ నేర్చుకున్న పాఠం ఏమిటి? “ఫోమ్ వేస్టున్నా. ఈసారి ఫైబర్‌లో చేద్దాం. గట్టిగా ఉంటాది.”

చేద్దాం. మట్టితో నమూనా, దాని మీద మైనం, అచ్చు, అచ్చులో జెల్‌కోటు, ఆపైన గాజుపీచు చాప రెండు పొరలు, పాలిస్టర్ రెజిన్. రెజిన్‌లో ముందు గట్టిపడే వేగం పెంచే కోబాల్టు కలిపి, బాగా తిప్పాకే హార్డెనరు, నూటికి ఒకటి రెండు పాళ్లు. ఈ రెండు సీసాలూ ఒకదాంట్లో ఒకటి నేరుగా కలిస్తే మంట లేస్తుంది, పేలుతుంది కూడా. ఎండాకాలం రేకుల షెడ్డులో హార్డెనరు తగ్గించకపోతే డబ్బాలోనే పొగలు కక్కుతూ రాయవుతుంది. ఆ హార్డెనరు చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. ఇదంతా అయి, ఛాతీ ముక్క అచ్చులోంచి ఊడొచ్చాక, దానికి మధ్యలో గుండ్రంగా బొక్క కోయాలి. ఎందుకు? బ్లూ లైటుకు.

ఆ బొక్క కోసేది ఎవరు? పద్దెనిమిదో పంతొమ్మిదో ఏళ్ల పిల్లాడు. గ్రైండరు పట్టుకుని, షట్టరు సగం దించుకుని కోస్తాడు, ఎందుకంటే పక్క కొట్టువాళ్లు దుమ్మని తిడతారు. మొహానికి చేతిరుమాలు. ఆ దుమ్ములో ఉన్నది గాజు. కంటికి ఆననంత సన్నటి గాజు. చేతిరుమాలు దాన్ని ఆపదు. చర్మంలో దిగి రాత్రంతా దురద పెడుతుంది, ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. పొద్దున్నంతా పీల్చింది రెజిన్‌లోని స్టైరీన్, నిన్నంతా పీల్చింది బంకలోని టోలుయీన్. తల దిమ్మెక్కితే టీ తాగి వస్తాడు. దగ్గితే ‘దుమ్ము పడింది’ అంటారు. ఎవరూ అడగరు. డాలు రంగు తక్కువైందని రాత్రి పదకొండింటికి ఫోను చేసినవాడు, లైటు పది మిల్లీమీటర్లు పక్కకు జరిగిందని వాయిస్ మెసేజీల మీద వాయిస్ మెసేజీలు పెట్టినవాడు, ఆ పిల్లాడి మొహానికి ఏముందో ఒక్కసారి చూడడు. డ్రోనుకు రోజు అద్దె ఇస్తారు. బిర్యానీలకిస్తారు. పాట రిలీజు ఫంక్షనుకు ఫ్లెక్సీలు కొట్టిస్తారు. పక్కనున్న మనిషి కనపడకుండానే సినిమాలు తీసుకుంటూ మానవజాతిని కాపాడే కథలు చెప్తారు! ఎండలో వెలగని, ఎడిటింగులో ఎట్లాగూ వేసుకునే, కథలో కారణమే లేని ఒక బల్బు కోసం ఒకడి ఊపిరి ఎందుకు తీస్తున్నారు? సిగ్గుండాలి.

షెడ్డు నడిపేవాళ్లకూ మినహాయింపు లేదు. గాజుదుమ్ముకు ఎన్95. రెజిన్‌కూ బంకకూ ఎన్95 చాలదు, వాయువులు దాంట్లోంచి దూరిపోతాయి. రెండు పక్కలా కార్బన్ క్యాట్రిడ్జిలుండే రబ్బరు మాస్కు కావాలి. మాస్కులోపల వాసన తెలిసిందంటే క్యాట్రిడ్జి అయిపోయినట్టే, మార్చాలి. పని లేనప్పుడు మూతున్న డబ్బాలో పెట్టాలి, బయట వేలాడదీస్తే ఊరికే ఊరి గాలి పీల్చి అయిపోతుంది. గ్రైండింగు ఆరుబయట, గాలి వీపు వెనక నుంచి వచ్చేలా నిలబడి. వీలైనచోట నీళ్లు పెట్టి సాండ్‌పేపరుతో తడిగా రుద్దాలి, దుమ్ము లేవదు. కోబాల్టు ఒక అరలో, హార్డెనరు గదికి రెండో వైపు. కళ్లద్దాలు, చేతులకు నైట్రైల్ గ్లవుజులు. ఇవన్నీ బిల్లులో మొదటి వరసలో రాయండి, డాలు కన్నా పైన. ‘ఇదేందన్నా, మాస్కులకు మేమియ్యాల్నా’ అంటే, ఆ వరస మీద బేరం లేదని చెప్పండి. లైటు ఎందుకో కథలో ఒక్క వాక్యం రాసిమ్మనండి. రాయలేకపోతే ఆ బొక్క కొయ్యొద్దు.

అడ్వాన్సు సగం. మిగతా సగం వస్తువు బండెక్కే ముందు, ‘రిలీజయినాక చూసుకుందాం’ అన్నవాడి వస్తువు షెడ్డులోనే ఉంటుంది. ఇక టైటిల్స్‌లో పేరు. ‘ఆర్ట్ అసిస్టెంట్స్’ కింద అందర్నీ కలిపి మూడు సెకన్లు పరుగెత్తించడం కాదు; అచ్చు తీసింది ఎవరు, కోసింది ఎవరు, రంగు వేసింది ఎవరు, విడివిడిగా. గ్రైండరు పట్టిన పిల్లాడి పేరు కూడా, ఆధార్ కార్డులో ఉన్నట్టు, అక్షరం పోకుండా.